రెండద్దాల కిటికీలు ఇప్పుడే వద్దు చెల్లెమ్మా, ముందు పడమటెండ సంగతి చూడండి

ముమ్మిడివరం దగ్గర ఒక పల్లెటూరి నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఇది. పెద్దదే రాశారు, ముఖ్యమైన ముక్కలు మాత్రం ఇక్కడ పెడుతున్నాను.

"అన్నయ్య గారూ, మూడేళ్ళ కిందట మామగారి పెంకుటిల్లు తీసేసి అదే జాగాలో డాబా కట్టుకున్నాం. రోడ్డు పడమర వైపు, ఇల్లూ అటే ముఖం. హాల్లో ఎనిమిదడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు స్లైడింగ్ కిటికీ పెట్టించాం, మామూలు తెల్లద్దం. పక్కనే బెడ్రూము, దానికీ పడమర నాలుగు బై నాలుగు స్లైడింగ్ కిటికీ, ఏసీ ఆ గదిలోనే, రాత్రుళ్ళే వేస్తాం. ఎండాకాలం వస్తే హాల్లో సాయంత్రం కూర్చోలేం, ఏసీ వేసినా అర్ధరాత్రి దాకా గది చల్లబడదు, బిల్లు చూస్తే గుండె గుభేలుమంటోంది. కిటికీల షాపాయన వచ్చి కొలతలు తీసుకుని, అన్నీ తీసేసి డబుల్ గ్లాసు (రెండద్దాల) యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేము) కిటికీలు వేయించుకోండి బిల్లు సగానికి పడిపోద్ది అన్నాడు, రెండున్నర లక్షలు చెప్పాడు. పాతింటి టేకు సింహద్వారం, జంట రెక్కలది, కొత్తింటికి అదే పెట్టుకున్నాం, దానికి సందులున్నాయి అది కూడా తీసేసి కొత్త తలుపు పెడదాం అంటున్నారు మా ఆయన. మా అత్తగారేమో కిటికీలు బిగించేస్తే ఊపిరాడదు, పాతిల్లే నయం అని గోల. ఏం చెయ్యమంటారు?"

చెల్లెమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను, తర్వాత ఎందుకో చెప్తాను. రెండున్నర లక్షలు ఇప్పుడు తీయకండి. సింహద్వారం జోలికి అసలు వెళ్ళకండి. అత్తయ్య గారు చెప్పింది హాలు వరకు నూటికి నూరుపాళ్ళు నిజం. బెడ్రూము వరకు మాత్రం బావగారి మాట నిజం, అక్కడ సందులు మూయాల్సిందే, కానీ దానికి కిటికీ మార్చక్కర్లేదు, కొన్ని వందల రూపాయల రబ్బరు పట్టీలు, ఒక ఆదివారం పూట చాలు. మీ ఇంట్లో అసలు దొంగ అద్దం మందం కాదు, పడమటెండ.

దాని లెక్క చూడండి. మే నెలలో సాయంత్రం నాలుగింటప్పుడు పడమటి గోడ మీద చదరపు మీటరుకి అయిదారు వందల వాట్ల ఎండ పడుతుంది. మీ హాలు కిటికీ ఎనిమిది అయిదులు నలభై చదరపు అడుగులు, అంటే దాదాపు 3.7 చదరపు మీటర్లు. మామూలు ఒంటి తెల్లద్దం తన మీద పడ్డ ఎండ వేడిలో ఇంచుమించు 80 శాతం లోపలికి పంపించేస్తుంది. ఫ్రేము, చువ్వలు తీసేసి చూసుకున్నా పదిహేను వందల వాట్లకి దగ్గర్లో ఉంటుంది. బకెట్లో పెట్టే వేణ్ణీళ్ళ రాడ్డు ఉంటుంది కదా, అలాంటిది ఒకటి మీ హాల్లో రెండు మూడు గంటల పాటు ఎర్రగా కాలుతున్నట్టే లెక్క. ఆ వేడి గచ్చులోకి, సోఫాలోకి, తూర్పు వైపు గోడలోకి ఇంకిపోయి రాత్రి పది దాటాక మెల్లగా బయటికొస్తుంది. బెడ్రూము కిటికీ చిన్నది కాబట్టి అక్కడ అందులో నలభై శాతం అనుకోండి, మంచం, పరుపు, గోడలు ఆ వేడి తాగి కూర్చుంటాయి, మీ ఏసీ అర్ధరాత్రి దాకా ఆ వేడినే లాగుతూ ఉంటుంది.

మాకు సన్ షేడ్ ఉందండి అంటారేమో. రెండడుగుల సన్ షేడ్ దక్షిణం కిటికీకి పనికొస్తుంది గానీ పడమర కిటికీకి దాదాపు దండగ. ఎండాకాలంలో నాలుగున్నరకి సూర్యుడు బాగా వాలిపోయి ఉంటాడు, ఆ టైములో రెండడుగుల షేడ్ నీడ అద్దం మీద పై అడుగు దాకే పడుతుంది, మిగతా నాలుగడుగులూ ఎండే. కావాలంటే రేపు నాలుగున్నరకి బయట నిలబడి నీడ ఎక్కడి దాకా వచ్చిందో అద్దం మీద సుద్దముక్కతో గీత గీయండి, అయిదింటికి ఇంకో గీత. బావగారికి ఆ రెండు గీతలు చూపిస్తే చాలు, నేను రాసిందంతా చదివించక్కర్లేదు. ఇంకో సంగతి, చాలామంది ఉత్తరం కిటికీకి ఎండ పడదు అనుకుంటారు, మన కోనసీమ పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా సూర్యుడు మనకి కొంచెం ఉత్తరంగా నడుస్తాడు, సాయంత్రం వాయవ్యం మూల నుంచి కొడతాడు. మీకు ఉత్తరం వైపు కిటికీ ఉంటే దాన్ని కూడా ఓ కంట కనిపెట్టండి.

ఎండని అద్దం బయటే ఆపాలి. ఇదొక్కటి గట్టిగా పట్టుకోండి. లోపల మందపాటి కర్టెన్ కడితే కొంత పనిచేస్తుంది, కాదనను, కానీ అప్పటికే వేడి అద్దం దాటి లోపలికి వచ్చేసింది, కర్టెన్ వేడెక్కి గదిలోకే వదులుతుంది. అద్దానికి కర్టెన్ కి మధ్య చెయ్యి పెట్టి చూడండి సాయంత్రం అయిదింటికి, మీకే తెలుస్తుంది. బయట కట్టిన నీడ అలా కాదు, దాని వేడి బయట గాలికే పోతుంది.

ఏం కట్టాలంటే, కడియం నర్సరీల్లో మొక్కల మీద పరిచే షేడ్ నెట్ చూసుంటారు, ఆకుపచ్చది, 50 శాతం 75 శాతం 90 శాతం అని అమ్ముతారు, 75 శాతంది తీసుకోండి, గాలీ ఆడుతుంది, వెలుతురూ సరిపడా ఉంటుంది. దాన్ని అద్దానికి అంటించి కట్టకండి, సన్ షేడ్ చివరి నుంచి కిందకి జార్చండి, అద్దానికి నెట్ కి మధ్య అడుగున్నర రెండడుగుల ఖాళీ ఉండాలి, ఆ ఖాళీలోంచి వేడిగాలి పైకి పోతుంది. ఇంటి ముందు ఆకుపచ్చ గుడ్డ వేలాడితే బాగోదు అనిపిస్తే పైకి చుట్టుకునే వెదురు తెర వేయించుకోండి, మధ్యాహ్నం రెండింటికి దింపండి, పొద్దు గూకాక పైకి చుట్టేయండి. కొబ్బరాకు తడిక కూడా అంతే పనిచేస్తుంది, మీ ఊళ్ళో అయితే దానికి డబ్బులే అవ్వవు, ఏటా ఒకసారి మార్చుకోవాలి అంతే. నాకు అన్నిటికంటే ఇష్టమైంది పాదు. కిటికీ ముందు మూడడుగుల దూరంలో రెండు రాటలు పాతి, తీగలు కట్టి దొండపాదో సన్నజాజో ఎక్కించండి, రెండో ఏడాదికి నిండుగా అల్లుకుంటుంది, ఆకుల్లోంచి వచ్చే గాలి నెట్ లోంచి వచ్చే గాలి కంటే చల్లగా ఉంటుంది, కూరకి దొండకాయలు ఎటూ వస్తాయి. ఏది కట్టినా కొక్కేలకి తగిలించేటట్టు కట్టండి, మేకులు కొట్టేయకండి. తుఫాను హెచ్చరిక రాగానే అయిదు నిమిషాల్లో విప్పి లోపల పెట్టేసేలా ఉండాలి, 1996 నవంబరు తుఫాను చూసిన ఊళ్ళు మనవి, ఈ మాట మీకు విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు డబుల్ గ్లాసు. అది చెడ్డ వస్తువు అని నేను అనట్లేదు. బయట సున్నా డిగ్రీలు, లోపల ఇరవై రెండు, రాత్రీ పగలూ హీటరు నడిచే చలి దేశాల్లో అది బంగారం, ఎందుకంటే అది ఆపేది లోపలికీ బయటికీ ఉండే డిగ్రీల తేడా వల్ల అద్దం గుండా పారే వేడిని. ఎండని కాదు. మామూలు రెండద్దాల తెల్ల కిటికీ కూడా ఎండ వేడిలో దగ్గర దగ్గర 70 శాతం లోపలికి పంపేస్తుంది, ఒంటద్దం 80 అనుకున్నాం కదా, తేడా చూశారుగా. మరి డిగ్రీల తేడా సంగతి? మీ బెడ్రూము కిటికీ చదరపు మీటరున్నర. బయట 36, లోపల 26, పది డిగ్రీల తేడా అనుకుందాం, నిజానికి రాత్రి అంత ఉండదు. ఒంటద్దం గుండా 85 వాట్ల వేడి వస్తుంది, రెండద్దాలైతే 42. ఏసీ తను తినే కరెంటుకి మూడింతల పైనే వేడి లాగుతుంది కాబట్టి మిగిలిన 43 వాట్ల వేడిని లాగడానికి దానికి అయ్యే కరెంటు పన్నెండు పదమూడు వాట్లు, ఎనిమిది గంటలకి పదోవంతు యూనిట్. నెలకి మూడు యూనిట్లు! దీనికి రెండున్నర లక్షలు. ఆ షాపాయన అబద్ధం చెప్పాలని చెప్పాడని నేను అనుకోవట్లేదు, కంపెనీ వాళ్ళిచ్చిన కాగితంలో ఉన్నది చెప్పుంటాడు, కానీ ఆ కాగితం మన డెల్టా కోసం రాసింది కాదు. రేపు పొద్దున ఎలాగూ కిటికీలు పాడై మార్చాల్సి వస్తే, లేదా హైవే పక్కన ఇల్లుండి లారీల మోత భరించలేకపోతే అప్పుడు ఆలోచించండి, అప్పుడైనా స్లైడింగ్ వద్దు, రెక్కలు తెరుచుకునేవి అడగండి.

బెడ్రూము సంగతికొద్దాం, ఇక్కడే మీ బిల్లు ఉంది. మనవైపు ఏసీ రెండు పనులు చేస్తుంది, గాలిని చల్లబరచడం ఒకటి, గాలిలో తేమని నీళ్ళుగా పిండడం రెండోది. హైదరాబాదులో ఏప్రిల్ మే నెలల్లో ఈ రెండో పని తక్కువ, ముమ్మిడివరంలో ఎక్కువ, చుట్టూ కాలవలు, చెరువులు, అవతల సముద్రం. ఏసీ వెనక సన్న పైపులోంచి నీళ్ళు కారుతుంటాయి కదా, ఆ నీళ్ళే మీ తేమ లెక్క. లీటరు నీళ్ళు గాలిలోంచి పిండాలంటే ఏసీ 0.68 యూనిట్ల వేడి లాగాలి, దానికి కరెంటు అయిదోవంతు యూనిట్ అవుతుంది, అంటే అయిదు లీటర్ల నీళ్ళు కారితే ఒక యూనిట్ ఆ నీళ్ళకే పోయినట్టు. గదిలో ఉన్న గాలిలో తేమ ఏసీ వేసిన మొదటి గంటలోనే చాలావరకు పిండేస్తుంది. ఆ తర్వాత కూడా తెల్లారేదాకా పైపు ధారగా కారుతోందంటే ఆ తేమ ఎక్కడిది? మీ ఇద్దరి ఊపిరి, చెమట కొంచెం, మిగతాది చాలావరకు సందుల్లోంచి వచ్చే బయట గాలిది.

అందుకని కొలవండి. బయట పైపు కింద ఒక బకెట్ పెట్టి, రాత్రి పదింటికి ఖాళీ చేసి, పొద్దున్న ఆరింటికి లీటరు చెంబుతో కొలిచి రాసుకోండి, అలాగే మీటర్ రీడింగ్ కూడా పదింటికొకటి, ఆరింటికొకటి. రెండు మూడు రాత్రులు వరసగా చేయండి, ఏసీ ఒకే డిగ్రీ మీద ఉంచి. తర్వాత సందులు మూసి, వెంటనే వచ్చే రెండు మూడు రాత్రులు మళ్ళీ కొలవండి, మధ్యలో వాన పడితే ఆ రాత్రి లెక్కలోంచి తీసేయండి. మా ఇంట్లో నేను చేసినప్పుడు నీళ్ళు తగ్గడం మీటరు తగ్గడం కంటే ముందు కంటికి కనపడింది, బకెట్ లో గీత కింద గీత.

సందులు ఎక్కడున్నాయో పట్టుకోడానికి ఒక అగరొత్తి చాలు. అటాచ్డ్ బాత్రూములో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందనుకోండి, అది వేసి, బాత్రూము తలుపు తీసి ఉంచి, బెడ్రూము తలుపు కిటికీలు మూసేసి, సీలింగ్ ఫ్యాను ఏసీ ఆపేయండి. ఎగ్జాస్ట్ గదిలో గాలిని లాగుతుంటే బయట గాలి ప్రతి సందులోంచి లోపలికి తోసుకొస్తుంది. అప్పుడు వెలిగించిన అగరొత్తి పట్టుకుని తలుపు చుట్టూ, కిటికీ చుట్టూ నెమ్మదిగా తిప్పండి, కర్టెన్లు పక్కకి కట్టేసి మరీ. పొగ నిటారుగా పోతుంటే అక్కడ ఏం లేదు, పొగ మీ మొహం వైపు విరిగితే అక్కడ సందున్నట్టు. ప్రతి చోటా పెన్సిలుతో గుర్తు పెట్టండి. నేను పందెం కాస్తాను, సందులు ఎక్కువగా అయిదు చోట్ల ఉంటాయి.

మొదటిది తలుపు కింద. అర అంగుళం సందు, మూడడుగుల తలుపు, అంటే పద్దెనిమిది చదరపు అంగుళాలు, గోడకి నాలుగంగుళాల చదరం కంటే పెద్ద కన్నం పెట్టుకుని ఏసీ వేసుకుంటున్నట్టు. తలుపు అడుగున స్క్రూలతో బిగించే రబ్బరు నాలుక ఉన్న అల్యూమినియం పట్టీ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, లేదంటే తలుపుకి రెండు పక్కలా ఒత్తుకునే స్పాంజి గొట్టం లాంటిది తొడగండి, అదీ పర్లేదు. రెండోది ఏసీ రాగి గొట్టాలు గోడలోంచి బయటికి పోయే కన్నం. బిగించే కుర్రాళ్ళు మూడంగుళాల కన్నం కొట్టి రెండంగుళాల గొట్టం పెట్టి, చుట్టూ ఖాళీ అలాగే వదిలేసి పోతారు, లోపల తెల్ల మూత పెడతారు కాబట్టి మనకి కనపడదు, ఆ మూత తీసి చూడండి. బయట వైపు కూడా చూసి ఎం-సీల్ తోనో పుట్టీతోనో నింపేయండి, బల్లులు చీమలు రావడం కూడా ఆగుతుంది. మూడోది వెంటిలేటర్, అద్దం పలకలు వాలుగా ఉండే రకం అయితే అది ఎప్పుడూ మూసుకోనట్టే, ఆ ఒక్క గదిలో వరకు లోపల నుంచి ఒక అక్రిలిక్ షీటు కొక్కేలతో పెట్టుకోండి, చలికాలంలో తీసేసేలా. నాలుగోది బాత్రూము తలుపు, అగరొత్తి తిప్పేటప్పుడు అది తెరిచి ఉంటుంది కాబట్టి పొగకి దొరకదు, కానీ దాని కింద సందు కూడా లెక్కే, లోపల ఎగ్జాస్ట్ కన్నం బయటికి తెరిచి ఉంటుంది కాబట్టి. ఏసీ వేసినప్పుడు బాత్రూము తలుపు మూసి ఉంచడం అలవాటు చేయండి పిల్లలకి.

అయిదోది స్లైడింగ్ కిటికీ. రెండు పలకలు మధ్యలో కలిసేచోట, కింద పట్టాల్లో బ్రష్ లాంటి ఊలు పట్టీ ఉంటుంది, మూడేళ్ళకి అది అరిగి, దుమ్ము పట్టి, అట్టకట్టిపోయుంటుంది. అది మీటర్ల లెక్కన విడిగా దొరుకుతుంది, పాతది లాగేసి కొత్తది తోయడమే, అల్యూమినియం కిటికీలు చేసే కుర్రాణ్ణి పిలిస్తే గంట పని. కానీ ఒక జాగ్రత్త, కింద పట్టాలో బయట వైపు చిన్న చిన్న కన్నాలు ఉంటాయి, అవి వాన నీళ్ళు బయటికి పోడానికి, అవి మూసేశారో శ్రావణంలో జల్లు కొట్టినప్పుడు నీళ్ళు గదిలోకి పొంగుతాయి. తలుపు మూడు పక్కలా ద్వారబంధానికి అంటించే పట్టీ కొనేటప్పుడు చవకగా వచ్చే స్పాంజి టేపు తీసుకోకండి, మన చెమ్మకి ఒక్క వానాకాలంలో ఊడిపోయి జిగురు మరక మిగులుతుంది, నల్ల రబ్బరు పట్టీ అడగండి, ఈపీడీఎం అంటే షాపులో ఇస్తారు. అంటించే ముందు స్పిరిట్ తో బంధం తుడిచి ఆరనివ్వండి. సముద్రం దగ్గర ఊళ్ళ వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, అంతర్వేది అటువైపు వాళ్ళు, స్క్రూలు బందులు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలో ఇత్తడో తీసుకోండి, మామూలు ఇనుము ఉప్పుగాలికి రెండేళ్ళు కూడా ఆగదు.

ఆ గదిలో తడి బట్టలు ఆరేయకండి. ఏసీ 24 కాదు 26, 27 మీద పెట్టి ఫ్యాను సన్నగా తిప్పండి, డిగ్రీ పెంచితే ఇంచుమించు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్రం వాళ్ళ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెప్పేదే. తేమ తగ్గితే 27 కూడా హాయిగానే ఉంటుంది, ఇప్పుడు మీరు 22 మీద పెడుతున్నారంటే అది వేడికి కాదు జిడ్డుకి. స్లాబులు ఉన్నాయి కదా మన బిల్లులో, 225 యూనిట్లు దాటాక యూనిట్ రేటు ఎగిరిపోతుంది, కాబట్టి తగ్గే ఆ కొన్ని యూనిట్లూ పై రేటువే తగ్గుతాయి.

ఒక్క హెచ్చరిక, ఇది మాత్రం సరదాగా తీసుకోకండి. ఈ బిగింపులన్నీ ఏసీ గదికే. వంటింటికి వద్దు, గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూముకి అసలు వద్దు. గ్యాస్ గీజర్ మూసిన బాత్రూములో వెలిగితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ కి వాసన ఉండదు, మనిషి స్నానం చేస్తూనే పడిపోతాడు. అక్కడ వెంటిలేటర్ తెరిచే ఉండాలి. బిగించిన గదిలో దోమల బత్తి కూడా వెలిగించకండి, దోమతెర కట్టుకోండి.

ఇక హాలు, అత్తయ్య గారి మాట. మన దగ్గర వేడి ఒక్కటే కాదు, ఉక్క. ఉక్కకి మందు గాలి. 2018లో బీఈఈ ఇళ్ళ కోసం ఎకో నివాస్ సంహిత అని ఒక నియమావళి తెచ్చింది, అందులో మనలాంటి తేమ ప్రాంతాల ఇళ్ళకి తెరుచుకునే కిటికీలు, వెంటిలేటర్లు, ఆరుబయటికి తెరుచుకునే తలుపులు అన్నీ కలిపి గచ్చు వైశాల్యంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలని పెట్టారు, పొడి వేడి ఉండే చోట్లకి 10 శాతమే. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి 167 చదరపు అడుగులు తెరుచుకోవాలి. ఇక్కడ స్లైడింగ్ కిటికీ మోసం చూడండి, మీది చూడ్డానికి నలభై అడుగులు, తెరిస్తే ఇరవయ్యే, రెండో సగం ఎప్పుడూ మూసే ఉంటుంది. పాతింట్లో చెక్క రెక్కల కిటికీ మూడడుగులదే అయినా మూడడుగులూ తెరుచుకునేది. అత్తయ్య గారికి ఊపిరాడట్లేదు అంటే ఇదే.

ఇంకోటి, గాలి లోపలికి రావాలంటే బయటికి పోయే దారి ఉండాలి. మన పాత ఇళ్ళలో వీధి గుమ్మం, మధ్య గుమ్మం, పెరటి గుమ్మం ఒక వరసలో పెట్టింది అందుకే, వీధి అరుగు మీద కూర్చుంటే పెరట్లో అరటాకు కదిలేది కనపడేది. మీ కొత్తింట్లో పెరటి తలుపు దారిలో ఫ్రిజ్జో బీరువానో అడ్డం పెట్టుంటారు, చూసుకోండి. పెరటి గుమ్మానికి మెష్ తలుపు ఒకటి వేయిస్తే అది తెరిచి పెట్టుకోవచ్చు, ఆ డబ్బు దండగ కాదు, అయితే మెష్ నెలకోసారి తడిబట్టతో తుడవాలి, దుమ్ము పట్టిన మెష్ లోంచి గాలి సగం కూడా రాదు. వడగాలి కొట్టే రోజుల్లో పొద్దున్న తొమ్మిదింటికల్లా అన్నీ మూసేయండి, సాయంత్రం గాలి మళ్ళి సముద్రం వైపు నుంచి పైరగాలి తగలగానే అన్నీ తీసేయండి, టైము చూసి కాదు, చర్మానికి తెలుస్తుంది అది. వట్టివేళ్ళ తడికలు తడిపి కట్టడం కూడా ఆ పొడిగా కొట్టే పడమటి గాలి రోజుల్లోనే పనిచేస్తుంది, ఉక్కపోసే రోజు తడిపితే ఇంకా చెమట పడుతుంది, అంతే.

నేను ఈ తప్పు చేసినవాణ్ణే కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. మా ఇల్లు కట్టినప్పుడు కిటికీల పని చేసినాయన దుమ్ము రాదు సార్ అని వెంటిలేటర్లన్నిటికీ తెరుచుకోని అద్దాలు బిగించేశాడు, నేనూ సరే అన్నాను. ఆ ఏడాది భాద్రపదం వచ్చేసరికి బీరువాలో మా అమ్మ పట్టుచీరల మడతల మీద తెల్లగా బూజు. అమ్మ ఒక్కొక్క చీరా ఎండలో ఆరేసుకుంటూ ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధేసింది. తర్వాత నెలలోనే ఏసీ లేని గదుల్లో వెంటిలేటర్లన్నీ ఇరుసు మీద తిరిగే రకానికి మార్పించాను.

డాబా పైన ఏముందో మీరు రాయలేదు, కానీ ఖాళీ స్లాబు అయితే అది కూడా మీ రాత్రి వేడిలో పెద్ద భాగస్వామే, కిటికీలు ఎంత చేసినా పై నుంచి దిగేది దిగుతుంది. మార్చి నెలలో స్లాబు కడిగి తెల్ల కూల్ పెయింటు వేయించండి, అది ఇంకో ఉత్తరం అంత విషయం, ఇక్కడ వదిలేస్తున్నాను.

చివరికి సింహద్వారం. బావగారికి చెప్పండి, ఆ తలుపు హాలుకి ఉంది, హాల్లో ఏసీ లేదు, కాబట్టి దాని సందులకీ మీ బిల్లుకీ సంబంధమే లేదు. దుమ్ము వస్తోందంటే రెండు రెక్కలూ కలిసే చోట వెనక రెక్కకి బ్రష్ పట్టీ ఒకటి లోపల వైపు కొట్టించండి, బయటికి కనపడదు. అసలు ఆ సందులు ఎలా వచ్చాయో ఆలోచించారా? టేకైనా సరే వానల్లో తేమ పీల్చి కాస్త ఉబ్బుతుంది, ఎండల్లో కుదించుకుంటుంది. ఆగస్టులో తలుపు పట్టేస్తోందని వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించేస్తాం, ఏప్రిల్ వచ్చేసరికి ఆ మేరకి సందు మిగులుతుంది, మళ్ళీ ఆగస్టు, మళ్ళీ చిత్రిక. ఈ మూడేళ్ళలో ఎన్నిసార్లు పట్టించారో అత్తయ్య గారిని అడగండి. ఇకనుంచి వానల్లో పట్టేస్తే చిత్రిక వద్దు, రాసుకునే చోట కొవ్వొత్తి రుద్దండి, కార్తీకం దాకా ఓపిక పట్టండి, అదే సర్దుకుంటుంది. తేమ ఎక్కువగా ఎక్కేది తలుపు పై అంచు, కింది అంచు నుంచి, చెక్క నరాలు అక్కడ తెగి ఉంటాయి కాబట్టి, రంగులు వేసేవాళ్ళు వదిలేసేది కూడా సరిగ్గా ఆ రెండు అంచులే. రోహిణి కార్తె ఎండలకి చెక్క బాగా ఆరి ఉంటుంది, అప్పుడు రెక్కలు బందుల నుంచి దింపించి, ఆ రెండంచులకీ రెండు పూతలు వార్నిష్ పట్టించి, మృగశిర వానలు పట్టకముందే మళ్ళీ ఎక్కించేయండి.